చెక్కముక్క నుంచి టచ్ ఫోన్ దాకా: మొబైల్ ప్లాట్‌ఫాంల పోటీ చరిత్ర

మొబైల్ ఫోన్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద పనిచేసే యాప్‌లు, వాటిని పంచే స్టోర్, రాసే ప్రోగ్రామర్లు, ఫోన్లు తయారుచేసే కంపెనీలు అన్నీ కలిస్తే దాన్ని ప్లాట్‌ఫాం అంటారు. 1990ల నడుమ నుంచి ఇలాంటివి పదికి పైగా పుట్టాయి. పామ్ ఓఎస్, సింబియన్, బ్లాక్‌బెర్రీ, విండోస్ మొబైల్, వెబ్‌ఓఎస్, మీగో, బడా, విండోస్ ఫోన్, ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అన్నీ ఫోన్లలోంచి తప్పుకోగా గట్టిగా నిలబడ్డవి ఆండ్రాయిడ్, ఐఓఎస్ అనే రెండే. తప్పుకున్నవాటిలో చాలావరకు నాసిరకానివి కావు. తమ రోజుల్లో జనం కోరినదాన్ని అవి ఎంతో బాగా ఇచ్చాయి. కోరిక మారిన తరవాత కూడా పాతదానికే మెరుగులు దిద్దుతూ ఉండిపోయాయి. అందుకే ఈ పోటీ చరిత్ర చెప్పాలంటే యంత్రాల గురించి ఎంత చెప్పాలో, వాడే మనిషి ఆయా కాలాల్లో ఏం ఆశించాడో కూడా అంతే చెప్పాలి.

మొదట్లో ఆ ఆశ చాలా చిన్నది. డైరీ, అడ్రసుల పుస్తకం, చేయాల్సిన పనుల జాబితా జేబులో ఇమిడితే చాలు. 1993లో ఆపిల్ తెచ్చిన న్యూటన్ మెసేజ్‌ప్యాడ్ ఇంతకన్నా పెద్ద మాటే ఇచ్చింది. మనిషి తన దస్తూరీతో ఎలా రాసినా తాను చదువుకుంటానంది. చదవలేకపోయింది. ఒక మాట రాస్తే మరో మాట చూపించి, అమెరికాలో కార్టూన్ బొమ్మల్లో సైతం నవ్వులపాలైంది. 1994లో ఐబీఎం తయారుచేసిన సైమన్ ఫోన్, టచ్‌స్క్రీన్ రెంటినీ ఒకే పరికరంలో చేర్చింది కానీ, గంటసేపు మాట్లాడితే దాని బ్యాటరీ అయిపోయేది.

పామ్ సంస్థను పెట్టిన జెఫ్ హాకిన్స్ మరో దారి పట్టాడు. పరికరం తయారుకాక ముందే చొక్కా జేబులో పట్టే కొలతకు ఒక చెక్కముక్క కోయించుకుని, వారాల తరబడి దాన్ని వెంట తిప్పుకున్నాడు. ఎవరైనా ఫలానా రోజు ఖాళీయేనా అని అడిగితే చెక్కముక్క బయటికి తీసి, సన్నగా చెక్కిన పుల్లతో దాని మీద నొక్కి చూసుకుంటున్నట్టు నటించేవాడు. ఎన్నిసార్లు తీయాల్సి వస్తోంది, ఎందుకు తీయాల్సి వస్తోంది, ఎన్ని నొక్కులకు పని తెమలాలి అన్నవి ఆ నటనలోనే తేలాయి. 1996లో వచ్చిన పామ్ పైలట్‌లో ఆ లెక్కలన్నీ కనిపిస్తాయి. రెండు చిన్న బ్యాటరీలు వారాలపాటు వచ్చేవి. ఒక్క బటన్ నొక్కితే అందులోని సమాచారం ఇంట్లోని కంప్యూటర్‌తో సరిపోల్చుకునేది. చేతిరాత విషయంలో హాకిన్స్ చేసిన పని మరీ గట్టిది. యంత్రం మనిషి రాత నేర్చుకోవడం కష్టం కాబట్టి మనిషే కాస్త సర్దుకోవాలన్నాడు. గ్రఫీటీ అని పేరు పెట్టిన ఆ లిపిలో ప్రతి ఇంగ్లిషు అక్షరానికీ దాదాపుగా ఒకే గీత. మొదటి అక్షరం ‘ఎ’కి నడిమి అడ్డగీత ఉండదు, తలకిందులైన ‘వి’ లాగా గీస్తే చాలు. కొద్దిసేపట్లో వంటబట్టే ఈ లిపిని జనం సంతోషంగా నేర్చుకున్నారు. తక్కువ మాట ఇచ్చి దాన్ని పూర్తిగా నిలబెట్టుకున్న యంత్రాన్ని వాడేవారు నమ్ముతారని పైలట్ చూపించింది. ఆపిల్ 1998లో న్యూటన్‌ను మూసేసింది.

అదే కాలంలో కెనడాలోని వాటర్లూ పట్టణంలో రీసెర్చ్ ఇన్ మోషన్ అనే సంస్థ ఒక్క పని మీదే మనసు పెట్టింది. ఆ పని ఈమెయిల్. 1999లో వచ్చిన బ్లాక్‌బెర్రీ మొదటి రూపం ఫోన్ కాదు, బుల్లి కీబోర్డు ఉన్న పేజర్. ఉత్తరం వచ్చిందేమోనని వాడేవారు వెళ్లి చూసుకోనక్కరలేదు, ఉత్తరమే వచ్చి జేబులో మోగేది. రెండు బొటనవేళ్లతో టైపు చేయడం అనే అలవాటు అక్కడే ఊపందుకుంది. కంపెనీ అధికారులు, వకీళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు దానికి కట్టుబడిపోయాయి. పంపిన సమాచారం దారిలో ఎవరికీ అర్థంకాకుండా గుప్తలిపిలో వెళ్తుందన్నది వారి మొదటి భరోసా. ఆ భరోసా ఎంత గట్టిదంటే, భద్రతా సంస్థలకు సందేశాలు చూసే వీలు కల్పించకపోతే సేవలు ఆపేస్తామని 2010లో భారత ప్రభుత్వం గడువు పెట్టాల్సి వచ్చింది.

ఐరోపాలో మాట్లాడే ఫోనే ముందు, కంప్యూటర్ తరవాత. బ్రిటన్‌కు చెందిన సయాన్ సంస్థ చేతి కంప్యూటర్ల కోసం రాసుకున్న ఎపోక్ అనే సాఫ్ట్‌వేర్‌ను పునాది చేసుకుని, 1998 జూన్‌లో నోకియా, ఎరిక్‌సన్, మోటరోలా దానితో కలిసి సింబియన్ సంస్థను పెట్టాయి. కొద్దిపాటి మెమరీలో, చిన్న బ్యాటరీ మీద, నెలల తరబడి ఆపకుండా నడవడం సింబియన్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. 2007 నాటికి ప్రపంచంలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఇవే ఉన్నాయి. కానీ సింబియన్ ఒకటిగా లేదు. నోకియా ఫోన్లలో ఎస్60, సోనీ ఎరిక్‌సన్ ఫోన్లలో యూఐక్యూ, జపాన్‌లో మరొకటి. ఒకదానికి రాసిన యాప్ మరోదాని మీద ఎక్కదు. పైగా భద్రత పేరుతో ప్రతి యాప్‌కూ సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన యాప్ వేసుకోబోతే సర్టిఫికెట్ గడువు తీరిందని సందేశం వచ్చేది. నోకియా వాడిన కాలేజీ కుర్రాళ్లందరికీ దానికి మందు తెలుసు: ఫోన్‌లో తేదీ ఏడాది వెనక్కి జరపడం, యాప్ ఎక్కించుకోవడం, మళ్లీ తేదీ సరిచేయడం. యాప్ కోసం కాలాన్నే వెనక్కి తిప్పుకునేంత కోరిక జనంలో ఉందన్న సంగతి తయారీదారులకు తట్టలేదు.

భారతదేశంలో మొబైల్ మొదటి పలుకు 1995 జూలై 31న వినిపించింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. తరవాతి పదేళ్లలో ఇక్కడి జనం ఫోన్‌ను బేరీజు వేసిన కొలతలు పాశ్చాత్య దేశాలవి కావు. 2003లో వచ్చిన నోకియా 1100లో రంగుల తెర లేదు, కెమెరా లేదు. దుమ్ము చొరని కీప్యాడ్ ఉంది, చెమట చేతికి జారని పట్టు ఉంది, నెత్తిన టార్చిలైట్ ఉంది. కరెంటు పోయిన రాత్రి, పొలంలో మోటారు వేయడానికి వెళ్లే వేళ, ఆ లైటే ఫోన్ విలువ. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఫోన్ చరిత్రలో అత్యధికంగా అమ్ముడైనవాటిలో ఒకటి. నోకియా 2006లో చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో ఫ్యాక్టరీయే తెరిచింది. అయినా రెండు సిమ్ములు కావాలన్న కోరికను అది ఆలస్యంగా విన్నది. ఒక నెట్‌వర్క్‌లో కాల్ రేటు తక్కువ, మరో నెట్‌వర్క్‌కు ఊళ్లో సిగ్నల్ బాగుంటుంది. రెండూ కావాల్సిన మనిషి రెండు ఫోన్లు మోయలేడు. మైక్రోమ్యాక్స్ వంటి దేశీయ కంపెనీలు రెండు సిమ్ముల ఫోన్లతో, ఒకసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి నిలిచే బ్యాటరీలతో ఆ ఖాళీలోకే చొచ్చుకొచ్చాయి.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ చూపించిన ఐఫోన్‌ను అప్పటి కొలతలతో కొలిస్తే లోటుపాట్లే ఎక్కువ. 3జీ లేదు. వీడియో తీయలేదు. ఫొటోను మెసేజ్‌లో పంపలేదు. ఒకచోట రాసినదాన్ని కాపీ చేసి మరోచోట పెట్టే సౌకర్యం 2009 దాకా రాలేదు. బయటివారి యాప్‌లు అసలే లేవు. ఈ పనులన్నీ చేసే నోకియా ఎన్95 అదే ఏడాది దుకాణాల్లో ఉంది. జాబితాలు పక్కపక్కన పెట్టి చూసినవారు నోకియాకే మార్కులు వేశారు. కీబోర్డు లేని ఫోన్ ఆఫీసు జనానికి నచ్చదని మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ కొట్టిపారేశాడు.

జాబితాలో కనిపించని తేడా వేలికొనలో ఉంది. అంతకుముందు టచ్ ఫోన్లలో ఎక్కువ వాటికి తెరను గోటితోనో పుల్లతోనో నొక్కాలి. ఒత్తిడికి పైపొర వంగి కింది పొరను తాకితేనే పని జరిగేది. ఐఫోన్ అద్దం వేలు తగలగానే తెర మీది విద్యుత్ క్షేత్రంలో కలిగే స్వల్ప మార్పును పసిగడుతుంది. నొక్కనక్కరలేదు, తాకితే చాలు. పేజీని పైకి తోస్తే వేలి వెంటే వచ్చి, వేలు తీశాక కొంతదూరం జారి, మెల్లగా ఆగుతుంది. చివరికి చేరితే చిన్నగా ఎగిరి వెనక్కి వస్తుంది. రెండు వేళ్లు విడదీస్తే బొమ్మ పెద్దదవుతుంది. ఇంకా మాటలు రాని పసివాడు సైతం ఎవరూ నేర్పకుండా చేసే పనులివి. మెనూలో మెనూ, అందులో ఇంకో మెనూ వెతుక్కోవడానికి అలవాటుపడిన ప్రపంచం తెరను చేత్తో కదిలించవచ్చని తెలుసుకున్నాక మళ్లీ వెనక్కి పోలేదు. పూర్తి వెబ్ పేజీ జేబులో తెరుచుకోవడం రెండో ఆకర్షణ.

మూడోది ఏడాది ఆలస్యంగా వచ్చింది. బయటి ప్రోగ్రామర్లకు తలుపు తెరవడానికి జాబ్స్ మొదట ఇష్టపడలేదు; వెబ్ పేజీల రూపంలో రాసుకోమన్నాడు. ప్రోగ్రామర్లు ఒప్పుకోలేదు. 2008 జూలై 10న యాప్ స్టోర్ 500 యాప్‌లతో మొదలైంది. అమ్మకంలో 70 శాతం రాసినవారికి, 30 శాతం ఆపిల్‌కు. తేదీలు వెనక్కి జరపడం, కంప్యూటర్‌కు వైరు తగిలించడం వంటి తిప్పలేవీ లేకుండా ఒక్క తాకిడితో యాప్ దిగుతుంది. ఆ రోజు నుంచి ఫోన్‌లో ఏమేం ఉన్నాయన్న ప్రశ్న వెనక్కిపోయి, ఫోన్‌లో ఏమేం వేసుకోవచ్చన్న ప్రశ్న ముందుకొచ్చింది. 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్‌ల ద్వారా ఐఫోన్ మన దేశానికి వచ్చినప్పుడు 8 జీబీ ఫోన్ ధర 31,000 రూపాయలు. అప్పటికి అది ఒక మంచి బండి ఖరీదుకు దగ్గర. ఆకర్షణ అందరికీ తెలిసింది, అందింది మాత్రం కొద్దిమందికే.

ఆ ధరకూ జనం చేతికీ మధ్య ఉన్న దూరాన్ని ఆండ్రాయిడ్ పూడ్చింది. 2003లో ఆండీ రూబిన్, మరి ముగ్గురు కలిసి పాలో ఆల్టోలో పెట్టిన ఈ చిన్న కంపెనీ మొదటి ఉద్దేశం డిజిటల్ కెమెరాలకు సాఫ్ట్‌వేర్ రాయడం. 2005లో గూగుల్ కొన్నది. గూగుల్ లోపల తయారవుతున్న మొదటి నమూనా బ్లాక్‌బెర్రీని పోలి కీబోర్డుతో ఉండేది. ఐఫోన్ చూశాక దాన్ని పక్కనపెట్టి టచ్ నమూనాకు మళ్లారు. 2007 నవంబర్ 5న 34 కంపెనీలతో ఓపెన్ హ్యాండ్‌సెట్ అలయన్స్ ఏర్పడింది. 2008 సెప్టెంబర్‌లో హెచ్‌టీసీ తయారుచేసిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌ను ప్రకటించారు. అందం ఐఫోన్‌ది కాదు. కానీ పై అంచు నుంచి వేలితో కిందికి లాగితే వచ్చిన సందేశాలన్నీ ఒకేచోట వరుసగా కనిపించే పరదా మొదటి రోజు నుంచే అందులో ఉంది. ఐఫోన్‌కు అది 2011లో గానీ రాలేదు. లోపలి సాఫ్ట్‌వేర్‌ను ఏ కంపెనీ అయినా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు. అదే సమయంలో మైక్రోసాఫ్ట్ ఒక్కో ఫోన్‌కు ఇంత అని లైసెన్సు రుసుము తీసుకునేది. ఆ రుసుము ఎత్తేసే సరికి 2014 వచ్చింది. అప్పటికే తైవాన్, కొరియా, చైనా, భారత కంపెనీలన్నీ ఆండ్రాయిడ్ వైపు చేరిపోయాయి. 2014 సెప్టెంబర్‌లో గూగుల్ భారతదేశంలోనే మొదలుపెట్టిన ఆండ్రాయిడ్ వన్ ఫోన్ల ధర 6,399 రూపాయలు. మరుసటి ఏడాది షావొమీ తన మొదటి భారత తయారీ ఫోన్‌ను ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, విశాఖపట్నంలో విడుదల చేసింది.

తెలుగు చదివేవారికి ఈ పోటీలో మరో కొలబద్ద ఉంది. అది ఏ ప్రపంచ పట్టికలోనూ కనిపించదు: ఫోన్ తెలుగు చూపిస్తుందా? ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో గుణింతాలు తల మీదికి ఎక్కుతాయి, వత్తులు కిందికి దిగుతాయి. ‘లక్ష్మి’ అని రాస్తే చదివే కంటికి రెండే అక్షరాలు. ఫోన్ లోపల అవి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ సరైన చోట అతికించే యంత్రాంగం, ఫాంటు రెండూ ఉంటేనే ఆ పేరు పేరులా కనిపిస్తుంది. లేకపోతే వరుసగా డబ్బాలు. ఇంగ్లిషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో పట్టేవి 70. అంటే లక్ష్మి పేరు పదిసార్లు రాస్తే ఒక సందేశం నిండిపోతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసుకునే అలవాటు పాతుకుపోవడానికి ఈ రెండూ బలమైన కారణాలు. అది తెలుగువారి నిర్లక్ష్యమని తేల్చేయడం అన్యాయం. యంత్రం ముందు దారి మూసింది.

ఆ రోజుల్లో తెలుగు బ్లాగులు, పత్రికల సైట్లు ఫోన్‌లో చదవాలనుకున్నవారికి ఒపేరా మినీ బ్రౌజర్ దారి చూపించింది. అడ్రస్ బార్‌లో ‘ఒపేరా:కాన్ఫిగ్’ అని కొట్టాలి. వచ్చిన పేజీలో అట్టడుగుకు వెళ్లి, క్లిష్టమైన లిపులకు బొమ్మ ఫాంట్లు వాడాలా అన్న ప్రశ్నకు అవునని పెట్టి సేవ్ చేయాలి. ఇక అక్షరాలను ఒపేరా సర్వర్లే బొమ్మలుగా గీసి పంపేవి. ఫోన్‌కు తెలుగు రాకపోయినా తెలుగు బొమ్మ వచ్చేది. పెద్దది చేయలేం, కాపీ చేయలేం, అయినా చదవగలం. ఈ చిట్కా ఒకరి నుంచి ఒకరికి ఎంతగా పాకిందో ఆ కాలపు తెలుగు నెటిజన్లకు బాగా గుర్తు.

ఆండ్రాయిడ్ 2012లో 4.1 రూపంతో తెలుగు ఫాంటును సిస్టమ్‌లోనే చేర్చింది. 2014లో 5.0 రూపంతో మెనూలు, సెట్టింగులు అన్నీ తెలుగులో వచ్చాయి. 2016లో భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 16333 ప్రమాణం దేశంలో అమ్మే ఫోన్లు భారతీయ భాషల్లో సందేశాలను చూపించగలగాలని నిర్దేశించింది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు వచ్చింది. అక్షరం చదవడం రానివారికి, కీబోర్డు అలవాటు లేని పెద్దవారికి ఫోన్ నిజంగా చేరువైంది ఆ తరవాతే. ఆండ్రాయిడ్ ఇక్కడ బలపడడానికి తక్కువ ధర ఎంత కారణమో, భాష విషయంలో పడిన ఈ అడుగులు కూడా అంత కారణమని చెప్పాలి.

ఇక ఓడినవారి సంగతి. వీరిలో పామ్ అంతం బాధ కలిగిస్తుంది. 2009లో అది తెచ్చిన వెబ్‌ఓఎస్‌లో తెరిచిన యాప్‌లు పేకముక్కల్లా పక్కపక్కన నిలబడేవి. అక్కర్లేనిదాన్ని పైకి విసిరేస్తే మూసుకుపోయేది. నేడు ప్రతి ఫోన్‌లోనూ చేసే పని అదే. కానీ యాప్‌లు తక్కువ, డబ్బు తక్కువ. 2010లో హెచ్‌పీ 120 కోట్ల డాలర్లకు పామ్‌ను కొని, టచ్‌ప్యాడ్ అనే ట్యాబ్లెట్ విడుదల చేసి, 49 రోజులకే ఆపేసింది. వెబ్‌ఓఎస్ ఇప్పుడు ఎల్‌జీ టీవీల్లో బతుకుతోంది.

నోకియా 2010లో మైక్రోసాఫ్ట్ నుంచి స్టీఫెన్ ఈలప్‌ను అధిపతిగా తెచ్చుకుంది. 2011 ఫిబ్రవరిలో ఆయన ఉద్యోగులకు రాసిన లేఖలో కంపెనీని సముద్రం నడుమ మంటల్లో చిక్కుకున్న చమురు బావి వేదికతో పోల్చాడు. కొద్దిరోజులకే సింబియన్‌ను వదిలి విండోస్ ఫోన్‌కు మారుతున్నట్టు ప్రకటించాడు. ఇంటెల్‌తో కలిసి తయారుచేసుకున్న మీగోతో ఎన్9 అనే చక్కటి ఫోన్ అదే ఏడాది వచ్చినా, దాని వెనక నిలబడేవారు లేరు. విండోస్ ఫోన్ చూడముచ్చటైనది. రంగు పలకల్లో సమాచారం తనంత తానే మారుతుండేది, చవక ఫోన్‌లోనూ తడబడకుండా నడిచేది. లూమియా 520 వంటివి భారతదేశంలో బాగానే అమ్ముడయ్యాయి. తప్పులు వేరేచోట జరిగాయి. ఐఫోన్ కాపీ-పేస్ట్ లేకుండా వచ్చింది 2007లో. అది లేకుండానే విండోస్ ఫోన్ 2010లో వచ్చింది. మూడేళ్లలో జనం అడిగే కనీసం పెరిగిపోయిందని మైక్రోసాఫ్ట్ గుర్తించలేదు. 2012 జూన్‌లో అంతకన్నా పెద్ద దెబ్బ: అప్పటిదాకా అమ్మిన ఏ ఫోన్‌కూ కొత్త విండోస్ ఫోన్ 8 రాదని ప్రకటించారు. రెండు నెలల కిందట కొత్త ఫోన్ కొన్నవారు కూడా పాతవారైపోయారు. యాప్‌ల కొరత చివరిదాకా తీరలేదు. ఇన్‌స్టాగ్రామ్ 2013 నవంబర్‌లో గానీ రాలేదు. స్నాప్‌చాట్ అసలు రానేలేదు. వాడేవారు తక్కువ కాబట్టి యాప్‌లు రాసేవారు రారు, యాప్‌లు లేవు కాబట్టి కొత్తగా వాడేవారు రారు.

ఈ ప్లాట్‌ఫాంకు చివరి తెర దించింది హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొనాలా వద్దా అని మైక్రోసాఫ్ట్ పెద్దల అభిప్రాయం అడిగినప్పుడు తాను వద్దన్నానని ఆయన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. 2014 ఫిబ్రవరిలో ఆయన సంస్థ అధిపతి అయ్యారు; ఏప్రిల్‌లో ఆ కొనుగోలు పూర్తయింది; 2015 జూలైలో దానికి సంబంధించి 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసేసి, 7,800 ఉద్యోగాలు తీసేయాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ తరవాత తన యాప్‌లను ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకే ఇచ్చి నిలదొక్కుకుంది.

బ్లాక్‌బెర్రీని ముంచినది దాని గొప్ప గుణమే. కీబోర్డును వదులుకోలేకపోయింది. తన బీబీఎం సందేశాల సేవ వేరే ఫోన్లలో రాకూడదని పట్టుబట్టింది. 2011 అక్టోబర్‌లో సర్వర్లు చెడిపోయి కొన్ని రోజులపాటు అనేక దేశాల్లో సందేశాలు ఆగిపోయినప్పుడు, ఎప్పుడూ ఆగదన్న నమ్మకం కూడా దెబ్బతింది. 2013లో బీబీఎంను అందరికీ ఇచ్చే సరికి ఆ చోటులో వాట్సాప్ కూర్చుంది. పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు 2022 జనవరి 4న ఆగిపోయాయి.

వాట్సాప్ గెలుపు ఈ చరిత్రలో ఒక మలుపు. 2009లో పుట్టిన ఆ యాప్ ఐఫోన్‌తో పాటు బ్లాక్‌బెర్రీ, సింబియన్, ఆండ్రాయిడ్, చివరికి నోకియా ఎస్40 బటన్ ఫోన్లలోనూ నడిచింది. ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందో అడగనక్కరలేదు. తెలుగు ఇళ్లలో దీని విలువ బాగా తెలుసు. కొడుకు డాలస్‌లో ఐఫోన్ వాడతాడు, తల్లి గుంటూరులో ఆండ్రాయిడ్ వాడుతుంది. ఆపిల్ 2010లో తెచ్చిన ఫేస్‌టైమ్ చాలా ఏళ్లు తమ పరికరాల మధ్యనే పనిచేసింది. ఇతర ఫోన్లవారు లింకు ద్వారా చేరే వీలు 2021లో గానీ కలగలేదు. 2016 నవంబర్‌లో వాట్సాప్ వీడియో కాల్ మొదలైనప్పటి నుంచి ఆ తల్లీకొడుకులకు ప్లాట్‌ఫాం తేడా పట్టలేదు. జియోఫోన్ కథ కూడా ఇదే చెబుతుంది. 2017 జూలైలో 1,500 రూపాయల డిపాజిట్‌తో ప్రకటించిన ఆ కీప్యాడ్ ఫోన్‌లో ఉన్నది కైఓఎస్. ఆగిపోయిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచి మొలిచినది. 4జీ ఉన్నా, పాటలు, సినిమాలు ఉన్నా, కొన్నవారు మొదట అడిగింది వాట్సాప్ వస్తుందా అని. 2018 సెప్టెంబర్‌లో అది వచ్చింది.

2016 చివరి మూడు నెలల్లో ప్రపంచంలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో 99 శాతానికి పైగా ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లవే. పోటీ ఇద్దరికి తగ్గాక ఒకరి సుగుణాలు మరొకరికి పాకాయి. వేరే కంపెనీల కీబోర్డులు 2014లో, ముఖతెర మీద విడ్జెట్లు 2020లో ఐఫోన్‌కు చేరాయి. యాప్ అడిగిన ప్రతి అనుమతికీ వాడేవారు విడిగా సరేననాల్సిన పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6.0తో వచ్చింది. ఇద్దరే మిగిలినచోట వచ్చే చిక్కులూ వచ్చాయి. ఆండ్రాయిడ్‌తో తన యాప్‌లను ముందుగానే కట్టబెడుతూ పెత్తనం చేస్తోందని 2018లో ఐరోపా కమిషన్ గూగుల్‌కు 434 కోట్ల యూరోల జరిమానా విధించింది. 2022 అక్టోబర్‌లో భారత కాంపిటీషన్ కమిషన్ 1,337.76 కోట్ల రూపాయలు విధించింది.

ఖరీదైన ప్లాట్‌ఫాం అన్ని విషయాల్లోనూ పటిష్ఠమన్న నమ్మకాన్ని 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం కదిలించింది. ‘జ్ఞానం’లోని మొదటి అక్షరమది. కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు నడుమ చేరి, ఒకానొక వరుసలో ఆ అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ ముఖతెరే మొరాయించేది. ప్రపంచ పత్రికలన్నీ దాన్ని తెలుగు బగ్ అన్నాయి. తప్పు తెలుగుది కాదు, ఆ లిపిని తెర మీద పేర్చే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌ది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. ఎనిమిది కోట్లకు పైగా జనం మాట్లాడే భాషను విడుదలకు ముందు తగినంతగా పరీక్షించి ఉంటే ఆ వారం అలా గడిచేది కాదు.

ఆ సవరణ ప్రపంచంలో ఐఓఎస్ 11 నడిచే ఐఫోన్లన్నింటికీ ఒకే రోజు అందింది. అదే రోజుల్లో ఆండ్రాయిడ్‌లో ఇది సాధ్యమయ్యేది కాదు. గూగుల్ రాసిన సవరణ చిప్ తయారీదారుకు, అక్కణ్నుంచి ఫోన్ కంపెనీకి చేరి, ఆ కంపెనీ తలచుకుంటేనే చేతికి వచ్చేది. చవక ఫోన్లలో చాలావాటికి అది ఎన్నడూ వచ్చేది కాదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ ఈ గొలుసును కొంత విడదీసింది. 2023లో పిక్సెల్ 8కు, 2024లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని ఆయా కంపెనీలు మాట ఇచ్చాయి. చవక ఫోన్లకు ఆ మాట ఇంకా పూర్తిగా దిగిరాలేదు. బ్యాంకు ఖాతా, ఆధార్, యూపీఐ అన్నీ ఫోన్‌లోనే ఉన్న ఈ రోజుల్లో కొనేవారు కెమెరా, ధరలతో పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో కూడా దుకాణంలోనే అడిగి తెలుసుకోవాలి. ఇప్పటికే ఫోన్ ఉన్నవారు సెట్టింగుల్లో చివరి అప్‌డేట్ తేదీ ఒకసారి చూసుకోవాలి.